ముందు నీడ, తర్వాతే బొమ్మ

అందరికీ నమస్కారమండీ. ఏసీ హాల్లో కూర్చుని ఎండలో బొమ్మలు వెయ్యడం గురించి మాట్లాడుకోవడం కొంచెం విడ్డూరమే. కానీ రేపు పొద్దున మనం బొమ్మలు వెయ్యడానికి వెళ్లే మార్కెట్లో ఆటోల హారన్ల మధ్య నేనేం చెప్పినా మీకు వినపడదు. అందుకే చెప్పాల్సిందంతా ఇప్పుడే చెప్పేస్తాను.

నేను మొదటిసారి బయట బొమ్మ వేసింది మన విజయవాడ వన్‌టౌన్‌లో. పాత పెంకుటి మేడ, చెక్క స్తంభాల వరండా, కింద ఉల్లిపాయల కొట్టు. ఎదురుగా నడి ఎండలో స్టూలు వేసుకుని గీసి, రంగులు కూడా వేశాను. అక్కడ చూస్తే బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చి ట్యూబ్‌లైటు కింద తీస్తే మసి పూసినట్టు నల్లగా ఉంది. మా ఆవిడ చూసి, "కరెంటు పోయినప్పుడు వేశారా?" అంది. సంగతేమిటంటే, తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడితే ఎంత ముదురు రంగు వేసినా లేతగానే కనిపిస్తుంది. చాలదేమోనని ఇంకో పూత వేస్తాం. ఇంట్లో మామూలు వెలుగులో అసలు రంగు బయటపడుతుంది.

అప్పటి నుంచి నేను బొమ్మకి పనికొచ్చే దృశ్యం కోసం వెతకడం మానేశాను. ముందు నీడ వెతుకుతాను. తల మీద నీడ, కాగితం మీద నీడ, వీపు ఆనించుకోడానికి ఓ గోడ. ఈ మూడూ దొరికాక, అక్కణ్ణుంచి ఏం కనిపిస్తే అదే ఆ రోజు బొమ్మ. గోడ ఎందుకంటే, వెనక నుంచి వచ్చి మెడ మీద ఊపిరి వదిలేవాళ్లుండరు. పక్కన టీ బండి ఉంటే ఇంకా మంచిది. ఒక టీ కొంటే గంటసేపు కూర్చునే హక్కు వచ్చేస్తుంది. చల్లారినా పర్లేదు కానీ, బ్రష్ మాత్రం అందులో ముంచకండి. నేను రెండుసార్లు ముంచాను.

వేళ సంగతి మీకు తెలియంది కాదు. మన ఊళ్లో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత. అయితే ఆ వేళల్లో నీడలు పొడుగ్గా ఉండి, చూస్తుండగానే జరిగిపోతాయి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు మరి. అందుకని కూర్చోగానే నీడల అంచులు పల్చగా గీసి పెట్టేసుకోండి. తర్వాత నీడ ఎటు పోయినా దాని వెంట పడొద్దు. ఎనిమిదింటి నీడ ఒకటి, తొమ్మిదింటి నీడ ఒకటి ఒకే బొమ్మలో ఉంటే, ఎక్కడ తేడా కొట్టిందో తెలియకుండానే చూసేవాడికి ఇబ్బందిగా ఉంటుంది.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. అరచేతికి కాస్త పెద్దదైన స్కెచ్ బుక్, 2బి పెన్సిల్, నీళ్లకి చెదరని ఇంకు పెన్ను, చిన్న రంగుల డబ్బా, రెండు క్లిప్పులు, ఒక పాత కర్చీఫ్. రంగులు వేసేవాళ్లు 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి కాగితం తెచ్చుకోండి, పల్చటిది తడికి ఉబ్బిపోతుంది. కర్చీఫ్ చెమట తుడుచుకోడానికే కాదు, గీసే చెయ్యి కింద వేసుకోడానికి కూడా. లేకపోతే అరచేతి తడికి పెన్సిలు గీతలన్నీ అలికేసినట్టవుతాయి. ఇంకోటి, ఎండాకాలంలో రంగు పూత ఒక అంచు నుంచి రెండో అంచుకి వెళ్లేలోపే ఆరిపోయి చారలు పడుతుంది. కాబట్టి ఆకాశం మొత్తం ఒకేసారి కాకుండా, కరెంటు తీగకో చెట్టు కొమ్మకో ఆగిపోయేలా ముక్కలుగా వెయ్యండి. తీగలకి మన వీధుల్లో కొదవేం లేదు. వానాకాలంలో సమస్య తిరగబడుతుంది, రంగు ఆరదు. తొందరపడి బుక్కు మూశారో, పేజీలు అంటుకుపోతాయి.

ఇక కొలతలు. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో ఎదురుగా ఉన్నదాని ఎత్తూ వెడల్పూ పోల్చుకోవడం మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి రైవస్ కాలవ గట్టు మీద ఓ మెకానిక్ షెడ్డుని ఇలాగే కొలుస్తున్నాను. షెడ్డాయన లోపల్నుంచి గబగబా వచ్చి, "సార్, రోడ్డు వెడల్పు చేస్తున్నారా? మాది ఎంత పోతుంది?" అన్నాడు. మొహం పాలిపోయింది పాపం. బుక్కు చూపించాక కుదుటపడి, టీ చెప్పి, "మరి మా బోర్డు ఇంత చిన్నగా వేశారేంటండీ?" అన్నాడు. అందుకని నా సలహా, ఎవరి కొట్టు ముందైనా కూర్చుంటే మొదటి గీతకి ముందే ఒక మాట చెప్పండి. "బొమ్మ వేసుకుంటున్నానండీ, అరగంట" అంటే చాలు. స్టేషన్ లోపల, గుడి లోపల అడక్కుండా మొదలుపెట్టొద్దు. వాటిని బయటి నుంచి వేస్తే బొమ్మకేం లోటు రాదు.

కొత్తవాళ్లకి జనాన్ని గీయాలంటే టెన్షన్. దానికి ఒక చిట్కా ఉంది, రేపు మార్కెట్లో బాగా పనికొస్తుంది. చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తే, దగ్గరున్న మనిషి తల, వంద అడుగుల దూరంలో ఉన్న మనిషి తల దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. అది మీ కంటి మట్టం. దూరం పోయేకొద్దీ పాదాలే పైకి జరుగుతాయి. అదే మీరు స్టూలు మీద కూర్చున్నారనుకోండి, ఆ గీత నిలబడ్డవాళ్లకి ఛాతీ కిందుగా పోతుంది. దగ్గరైనా దూరమైనా అందరికీ అక్కడే. ఈ ఒక్క గీత ముందు గీసుకుంటే, నిలబడి వేసేటప్పుడు దాని మీద చుక్కలాంటి తలలు వరసగా పెట్టుకుంటూ పోవచ్చు. మొహాలు అక్కర్లేదు. చేతిలో సంచీ ఉంటే మార్కెట్ మనిషి, నెత్తి మీద గంప ఉంటే అమ్మే మనిషి.

బళ్లూ అంతే. ఆటో కనిపిస్తే బిల్డింగు వదిలి ముందు ఆటో గీయండి, బిల్డింగు ఎక్కడికీ పోదు. సగంలో ఆటో కదిలిపోయినా కంగారు పడొద్దు. రెండు నిమిషాల్లో అదే చోట ఇంకోటి వచ్చి ఆగుతుంది, మిగతా సగం దాన్ని చూసి గీయొచ్చు.

బ్యారేజీ ఎప్పుడు వేద్దామని చాలామంది అడిగారు. 1957లో కట్టడం పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, పొడవు 1,223 మీటర్ల పైమాటే. డెబ్బై గేట్లూ లెక్కపెట్టి వేసిన ఒకాయన బొమ్మ చూశాను, దువ్వెన లాగా ఉంది. దగ్గరి నాలుగైదు గేట్లు శ్రద్ధగా వేసి, తర్వాతవి దగ్గర దగ్గరగా నిలువు గీతలుగా పలచబరచండి, చాలు. దిగువన నిలబడి ఎగువకి చూస్తే పొద్దున పూట ఎండ ముందు నుంచి పడి స్తంభాలన్నీ విడివిడిగా తెలుస్తాయి. సాయంత్రం సూర్యుడు బ్యారేజీ వెనక్కి వెళ్లి మొత్తం ఒకటే నల్లటి పట్టీ అవుతుంది. నాకు సాయంత్రమే ఇష్టం, పని తక్కువ. ఎగువన నీళ్లు నిండుగా, దిగువన గేట్లు మూసినప్పుడు ఇసుకా రాళ్లూ కనిపిస్తాయి. ఆ తేడా వదిలేస్తే అది ఏ ఊరి వంతెనో చెప్పలేం.

ఫొటో తీసుకుని ఇంట్లో వేసుకోవచ్చు కదా అని నిన్న ఒకబ్బాయి ఫోన్‌లో అడిగాడు. వేసుకోవచ్చు, తప్పేం లేదు. 2007లో సియాటిల్‌లో గేబ్రియల్ కాంపనారియో అనే పత్రికా చిత్రకారుడు మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ అనే బృందం వాళ్లు మాత్రం ఉన్నచోట కూర్చుని చూసి వేస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. నా మట్టుకు నాకు, ఫొటోలో పునుగుల బండి వాసన రాదు. అక్కడ కూర్చున్న రోజు బొమ్మ మీద నూనె మరక పడింది, చెరపలేదు.

రేపు ఆరున్నరకి కాళేశ్వరరావు మార్కెట్ ముందు కలుద్దాం. ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చోండి, సామాన్లు చూసుకోడానికి వీలుగా ఉంటుంది. నీళ్ల సీసాలు రెండు తెచ్చుకోండి, ఒకటి తాగడానికి, ఒకటి బ్రష్‌కి. దేని మూత ఏ రంగో గుర్తుపెట్టుకోండి.