ఎండాకాలం మధ్యాహ్నం, ఒక పుస్తకం, ఒక దారపు ఉండ

(శాఖా గ్రంథాలయంలో వేసవి శిబిరం మొదటిరోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాను కింద చోటుంది. అమ్మలూ, అమ్మమ్మలూ, మీరు కూడా గుమ్మం దగ్గర నిలబడకుండా లోపలికి రండి. నేను మాట్లాడబోయేది ఎక్కువగా మీ గురించే.

‘వేసవి సెలవుల సద్వినియోగం’ మీద నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఆ సద్వినియోగం అన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. స్పోకెన్ ఇంగ్లిష్, అబాకస్, స్విమ్మింగ్, ఇంకా తెరవని పై తరగతి పుస్తకాలు, అన్నీ ఇప్పుడు సద్వినియోగం కిందికే వస్తున్నాయి. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా టైమ్‌టేబుల్ వేసిన సెలవులు మా వీధిలోనే చూస్తున్నాను. ఆ పిల్లల్ని చూస్తే నాకు బెంగగా ఉంటుంది. అందుకే ఇవాళ తీరిక గురించి మాట్లాడతాను. మూడు సంగతులు: పుస్తకం, అల్లిక, ఆదివారం.

మన కోస్తా ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. నా చిన్నప్పుడు పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్ళో, మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపులన్నీ దగ్గరగా వేసి, వసారాలో వట్టివేళ్ళ తడికెలకి నీళ్ళు చల్లేవారు. ఇల్లంతా చీకటి చీకటిగా, చల్లగా, మట్టివాసనతో ఉండేది. నాకు పుస్తకం అలవాటైంది ఆ చీకట్లోనే. కిటికీ రెక్కల సందులోంచి నేల మీద ఒక సన్నటి వెలుగు గీత పడేది. పేజీని ఆ గీత కింద పెట్టుకుని బోర్లా పడుకుని చదివేదాన్ని. గీత జరిగితే నేనూ జరిగేదాన్ని. నాలుగయ్యేసరికి అది గోడ ఎక్కేసేది, ఆలోపు కథ పూర్తి కావాలి. పక్కన గిన్నెలో తాటిముంజలు. ముంజనీళ్ళు అంటిన వేళ్ళతో పేజీ తిప్పితే తాతయ్య ఊరుకునేవారు కాదు, ‘అది లైబ్రరీ పుస్తకం, ఊరందరిదీ’ అనేవారు.

ఊరందరిదీ అన్న ఆ మాట వెనక చాలామంది కష్టం ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది. విజయవాడలో రామమోహన గ్రంథాలయం 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలోనే మొదలైంది. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్ళో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళంతా మొదటిసారి ఒకచోట సభ చేసుకున్నారు. దాని వెనక నడుం కట్టిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఏప్రిల్‌లో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ ఎండలో, ఊళ్ళలో పుస్తకాలు ఉండాలని మాట్లాడుకోవడానికి అంతమంది కదిలి వచ్చారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. పడవ ఒడ్డుకొస్తే పుస్తకం వచ్చినట్టు! ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకో సంగతి. 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం వల్ల, మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కలుస్తుంది. అంటే ఈ అలమరాల్లో ఉన్నవాటికి మీరు ఎప్పుడో డబ్బు కట్టేశారు. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. దయచేసి వచ్చి తీసుకెళ్ళండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు పుస్తకం మూసిన వెంటనే ‘ఏం నేర్చుకున్నావు?’ అని అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో పుస్తకం హోంవర్క్ అయిపోతుంది. అదే కథ నాలుగోసారి చదువుతుంటే చదవనివ్వండి. 1947 జూలైలో మొదలైన చందమామ పాత సంచికలు బైండు చేసి ఉంటే ముందు వాటినే ఇవ్వండి. బొమ్మలు మాత్రమే చూస్తే చూడనివ్వండి. సగంలో వదిలేస్తే వదిలేయనివ్వండి. మామిడిపండు తింటున్నవాడిని ‘దీంట్లో ఏ విటమిన్ ఉంది?’ అని మధ్యలో ఆపం కదా.

ఇక రెండోది, అల్లిక.

నేను వెలుగు గీత పట్టుకుని చదువుతుంటే, అదే వసారాలో గోడకి చేరబడి అమ్మమ్మ లేసు అల్లేది. ఒక్క కొక్కెం సూది, ఎడమచేతి చూపుడువేలికి చుట్టిన తెల్లటి నూలు దారం. చూపు మా మీదే ఉండేది, వేళ్ళు మాత్రం వాటి మానాన అవి నడిచేవి. అరచేతిలో పట్టేంత పువ్వు ఒకటి పూర్తయ్యేది, ఒడిలోకి జారేది, ఇంకోటి మొదలయ్యేది. పువ్వులు అల్లడాన్ని చేతిపని అనేవారు. వాటిని కలిపి టేబుల్ గుడ్డగానో దిండు గలీబుగానో చేయడం అతుకుపని. అది వేరే ఇంట్లో జరిగేది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఈ విద్య 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. ఇక్కడ అల్లిన లేసు ఓడలెక్కి ఐరోపా దాకా వెళ్ళింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు లేసుకే చెల్లుతుందనే జీఐ ముద్ర, కూడా దక్కింది.

చిన్నప్పుడు నేను అనుకునేదాన్ని, నాకు పుస్తకం ఎలాగో అమ్మమ్మకు లేసు అలాగ అని. ఇద్దరం పక్కపక్కనే ఎండ తగ్గే దాకా హాయిగా ఉన్నామని. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడట. ఎంత దారం అల్లితే అంత డబ్బు. వంట, పాడి, పిల్లలు అన్నీ అయ్యాక, అమ్మమ్మ రాత్రి దీపం దగ్గర కూడా అల్లేదట. అంత పనికీ డబ్బు అంత తక్కువెందుకంటే, ‘ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునేదే కదా’ అని సమాధానం. లేసు ఊళ్ళన్నిటిలోనూ ఆ మాటే నడిచింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది. నా మధ్యాహ్నం తీరిక. ఆమెది పని. రెండూ ఒకే చాప మీద జరిగాయి, నాకు తేడా తెలియలేదు.

అందుకే నేను అల్లేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. అమ్మడానికి అల్లను, ఎవరో ఆర్డర్ ఇస్తే అల్లను. అమ్ముకునేవాళ్ళు తప్పు చేస్తున్నారని నేను అనడం లేదు, వాళ్ళకి రావలసిన ధర రావాలనే నా కోరిక. నాకు మాత్రం అమ్మమ్మకు దొరకని తీరికలో కూర్చుని అల్లాలని ఉంటుంది. నిట్టింగ్ రెండు సూదులతో ఒక స్నేహితురాలి దగ్గర నేర్చుకున్నాను. ఎండాకాలంలో ఊలు చేతికి అంటుకుని చిరాకు పెడుతుంది. మే నెలలో నూలు దారమే సుఖం, చెమట పీల్చుకుంటుంది. నిట్టింగ్‌లో ఒక్క కుట్టు సూది మీంచి జారిందంటే కింది వరసలదాకా నిచ్చెనలా విడిపోతుంది. మొదట్లో టెన్షన్ పడేదాన్ని. తర్వాత తెలిసింది, కొక్కెం సూదితో ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ పైకి తెచ్చుకోవచ్చు. అలా తెచ్చుకుంటున్నంతసేపూ ఫోను గుర్తుకు రాదు. రెండు చేతులకీ పనుంది కదా.

మూడోది ఆదివారం. మనకి ఆదివారం సెలవు పంచాంగంలోంచి రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులు వారమంతా సెలవన్నది లేకుండా పనిచేసేవారు. కార్మిక నాయకుడు నారాయణ మేఘాజీ లోఖండే గారు ఏళ్ళ తరబడి అడిగి, పోరాడి, 1890 జూన్ 10న ఆదివారం సెలవు సాధించారు. మిల్లులో మగ్గాలు ఆగాయి. మరి ఇంట్లో పొయ్యి?

ఆదివారం అనగానే మనకి ఏమేం గుర్తొస్తాయి? పూరీ, కోడికూర, పులిహోర, చుట్టాలు. అంటే మిగతా ఆరు రోజులకంటే వంటింట్లో ఒక గంట ఎక్కువ, అదీ మే నెలలో, స్టవ్ ముందు. ఇంట్లో అందరూ నడుం వాల్చాక అమ్మ గిన్నెలు సర్దుతూ ఉంటే, ఆ ఇంట్లో ఆదివారం వచ్చినట్టు నేను లెక్కపెట్టను.

మా ఇంట్లో వేసవి ఆదివారాలకు ఒకటే వంట. మామిడికాయ పప్పు, అన్నం, జాడీలోంచి కొత్త ఆవకాయ, మజ్జిగ. వడ్డన, ఎంగిలి తీయడం పిల్లలది, వాళ్ళ నాన్నది. ఒంటిగంటకల్లా వంటింటి లైటు ఆరిపోతుంది. ఆ తర్వాత నాలుగింటి దాకా ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. మొదటి రెండు వారాలు ఇది కుదరలేదు. కాఫీ ఎక్కడ, టవల్ ఎక్కడ అని గొంతులు వినపడుతూనే ఉన్నాయి. మూడో వారం నుంచి కుదిరింది. సాయంత్రం డాబా మీద నీళ్ళు కొట్టి చాపలు వేస్తాం. వేడి ఆవిరి పోయాక, మల్లెపూల వాసన పైకి వస్తుంటే, ఒకరు చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. మా అత్తగారికి కళ్ళు సరిగా కనపడవు. ఆవిడ వారమంతా ఎదురు చూసేది ఈ గంట కోసమే. మధ్యలో ఆపితే ‘తర్వాతేమైందే?’ అని చిన్నపిల్లలా అడుగుతారు.

అమ్మమ్మలూ, మీలో చాలామంది చేతులకి లేసు వచ్చని నాకు తెలుసు. ఈ శిబిరంలో మీరు పిల్లల పక్కన కూర్చోవాలి. డబ్బుకి కాదు, లెక్కకి కాదు. మీకు అల్లాలనిపిస్తే అల్లండి, అనిపించకపోతే ఏ పిల్లచేతో కథ చదివించుకుని వినండి.

పిల్లలూ, ఆడపిల్లలూ మగపిల్లలూ అందరికీ చెప్తున్నాను. ఆ చివరి బల్ల మీద దారపు ఉండలు, కొక్కెం సూదులు పెట్టాను. ముందు ఒక ముడి, దాంట్లోంచి ఒక మెలిక లాగితే గొలుసు మొదలవుతుంది. ఇరవై మెలికలు లెక్కపెట్టి ఆపండి. దాన్ని ఇవాళ మీరు తీసుకెళ్ళే పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి. రేపు ఏ పేజీలో ఉందో నేను అడగను.