లైనోకట్‌లో ఉలి గీసేది తెల్లగీత: ముగ్గు తెలిసినవారికి బ్లాకు చెక్కడం

[బల్ల మీద రెండు ముద్రలు పక్కపక్కనే ఉన్నాయి. కెమెరా పైనుంచి చూస్తుంది.]

నమస్కారం. ఇంట్లో లైనోకట్, అంటే లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే పని చేసి ఫొటోలు పంపేవారిలో చాలామంది అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "పెన్సిలుతో గీసినప్పుడు మా అమ్మమ్మ ముఖం ఎంతో చక్కగా కుదిరింది. ముద్ర తీశాక మాత్రం ముఖమంతా నల్లబడి, ముడతలన్నీ తెల్లగా, ఫొటో నెగెటివ్‌లాగా కనిపిస్తోంది. ఇంకు ఎక్కువైందా? కాగితం మంచిది కాదా?" ఇంకులోనూ లోపం లేదు, కాగితంలోనూ లేదు. పెన్సిలు నడిచిన దారిలోనే ఉలిని నడిపించడం వల్ల అలా జరిగింది. ఈ ప్రశ్నకు జవాబుగా ఖరీదైన ఇంకు కొనమనీ, ప్రెస్సు కొనమనీ సలహాలు ఇస్తున్నవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ డబ్బంతా ఖర్చు పెట్టిన తరువాత కూడా అమ్మమ్మ ముఖం నల్లగానే వస్తుంది.

పెన్సిలును కాసేపు పక్కన పెట్టి ముగ్గును తలచుకోండి. తెల్లవారుజామున కల్లాపి చల్లిన వాకిలి ముదురు రంగులో ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారే పిండి ఆ ముదురు నేల మీద తెల్లని గీతగా పడుతుంది. ముగ్గు వేసే మనిషి నలుపును ఎక్కడా గీయదు. నలుపు అప్పటికే వాకిలి నిండా ఉంది. చెక్కని లైనో బ్లాకు కూడా కల్లాపి చల్లిన వాకిలి వంటిదే. దాని మీద ఇంకు పూసి అచ్చు వేస్తే కాగితమంతా నల్లగా వస్తుంది. వీ ఆకారపు ఉలి నడిచిన చోట గాడి పడుతుంది, ఆ గాడిలోకి రోలర్ దిగదు, ఇంకు అంటదు, కాబట్టి ముద్రలో అక్కడ కాగితపు తెలుపు మిగులుతుంది. అంటే మీ చేతిలోని ఉలి నుంచి రాలుతున్నది ముగ్గుపిండే.

1930లో దండి యాత్ర సందర్భంగా చిత్రకారుడు నందలాల్ బోస్ చెక్కిన గాంధీజీ లైనోకట్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. చేతికర్ర ఊతంగా అడుగు ముందుకు వేస్తున్న ఆ బొమ్మలో నేపథ్యమంతా నలుపు. మనిషిని మనకు చూపించేవి తెల్లని గీతలు మాత్రమే. ఆయన లైనో మీద నల్లగీత కోసం పెనుగులాడలేదు, ఉలి సహజంగా ఇచ్చే తెల్లగీతతోనే ఆలోచించారు. లైనోకట్ నేర్చుకునేవారు మొదట ఆ ఒక్క ముద్రను పది నిమిషాల పాటు కదలకుండా చూడాలని నేను గట్టిగా చెబుతాను.

[దగ్గరి షాట్: లైనో ముక్క మీద రెండు సమాంతర గాడులు, మధ్యలో సన్నని గట్టు.]

అయితే తెల్ల కాగితం మీద నల్లగీతే కావాలంటే ఏం చేయాలి? దీనికీ ముగ్గులోనే దారి ఉంది. జంటగీతల ముగ్గు వేసినప్పుడు రెండు తెల్లగీతల మధ్య సన్నని నేల పట్టీ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని ఎవరూ గీయలేదు, రెండు పక్కలా పిండి పడడం వల్ల అది గీతలా కనిపిస్తోంది. బ్లాకులో నల్లగీత పుట్టేదీ ఇలాగే. గీతకు అటూ ఇటూ చెక్కి, మధ్యలో ఉన్నదాన్ని వదిలేయాలి. ఆ వదిలిన భాగం పొలం గట్టులాగా పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉండాలి. ఉలిని లోపలికి వాల్చి గట్టు అడుగును తొలిచేస్తే, నాలుగైదు ముద్రలు తీసేసరికి ఆ గీత ఒరిగిపోతుంది, లేదా విరిగి రాలిపోతుంది. అమ్మమ్మ ముఖంలోని ఒక్కొక్క ముడత నల్లగా రావాలంటే దాని చుట్టూ ఉన్న చెంప మొత్తాన్ని తీసేయాలన్నమాట. ఇది ఎంత శ్రమో తెలిశాక చాలామంది మరో దారి ఎంచుకుంటారు: కిటికీ వైపున్న చెంప మీద వెలుగును చిన్న చిన్న తెల్లగీతలతో తీసి, రెండో చెంపను నలుపులోనే వదిలేస్తారు. నా దృష్టిలో అదే మంచి లైనోకట్.

ఈ ఆలోచన చేతికి అలవాటు కావడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. నల్లని ఇండియన్ ఇంకును నీళ్లతో పలుచన చేసి బ్లాకంతా పూసి ఆరనివ్వండి. దాని మీద తెల్లని కలర్ పెన్సిలుతో బొమ్మ వేయండి. ఇప్పుడు మీరు గీసిన తెలుపంతా చెక్కవలసినదే, మిగిలిన నలుపంతా ఉంచవలసినదే. పైగా ఉలి నడిచిన చోట లోపలి లేత రంగు బయటపడుతుంది కనుక, ముద్ర ఎలా వస్తుందో చెక్కుతుండగానే చాలావరకు కళ్లకు కనిపిస్తుంది. ముద్రలో కుడి ఎడమలు తారుమారవుతాయి. అక్షరాలు ఉన్న బొమ్మ అయితే ట్రేసింగ్ కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, కింద కార్బన్ కాగితం పెట్టి దిద్దాలి. "స్వాగతం" అని రాసిన వాకిలిని ఇంటి లోపలి నుంచి చూస్తే తలకిందులుగా కనిపిస్తుంది. బ్లాకు మాత్రం అద్దంలో చూసినట్టు తిప్పుతుంది. ఈ రెంటికీ ఉన్న తేడాను మరచిపోయి ఒత్తులున్న అక్షరాల పేరు మొత్తాన్ని మళ్లీ చెక్కుకున్నవారు ఉన్నారు.

ఇక సామగ్రి. అసలైన లినోలియం అవిసె నూనెను గాలిలో గట్టిపరచి, దానిలో దేవదారు జాతి చెట్ల బంక, బెండు (కార్క్) పొడి, చెక్క పొడి కలిపి, గోనెగుడ్డ మీద పరచి తయారుచేసిన, నేల మీద పరిచే షీటు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ రంగు డబ్బా పైన అవిసె నూనె మీగడలా గట్టిపడి రబ్బరులా సాగడం గమనించి, ఆ దిశగా పనిచేసి, 1863లో దీనికి పేటెంట్ పొందారు. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం ఏమిటంటే, ఆ బ్లాకు మీద మనం పూసే ఇంకు కూడా చాలావరకు అవిసె నూనెతో చేసినదే. ఒకే గింజ నుంచి నేల, దాని మీది పూత రెండూ వచ్చాయి.

ఫ్లోరింగ్ దుకాణంలో లినోలియం అని అడిగితే వినైల్ షీటు ఇచ్చే అవకాశం ఉంది. వెనుక గోనె అల్లిక ఉందా, అంచును వంచితే సాగకుండా పొడిపొడిగా విరుగుతుందా, నూనె వాసన వస్తోందా అని చూడండి. చిత్రకళా సామగ్రి అమ్మేచోట దొరికే బూడిద రంగు లైనో సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పాతబడిన లైనో గట్టిపడి అంచులు పెళుసుగా రాలుతుంది. అటువంటిదాన్ని కొద్దిసేపు ఎండలో పెట్టండి, లేదా గుడ్డ కప్పి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టెతో ఒక్కసారి తాకించండి. మన ఎండాకాలంలో ఆ అవసరమే రాదు.

[దగ్గరి షాట్: ఉలి ముందు లేచే చుట్ట.]

ఇక్కడ కొంచెం ఆగి చూడండి. పదునైన ఉలి ముందు లైనో సన్నని చుట్టగా, తెగకుండా లేస్తుంది. గాడి అంచులు నున్నగా మెరుస్తాయి. ఉలి మొద్దుబారితే చుట్ట రాదు, రజనులా పొడి రాలుతుంది, గాడి అంచు కొరికినట్టు ఉంటుంది. ఆ సమయంలో బలం పెంచకూడదు. బలం పెంచినప్పుడే ఉలి జారి చేతిలో దిగుతుంది. తోలు ముక్కకు మెరుగు పేస్టు రాసి, ఉలిని వెనక్కి లాగుతూ పది పన్నెండు సార్లు రుద్దితే పదును తిరిగి వస్తుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనుకనే ఉండాలి. ఒక చెక్క పలకకు ఒక అంచున కింది వైపు, ఎదుటి అంచున పై వైపు పట్టీలు కొడితే, కింది పట్టీ బల్ల అంచును పట్టుకుంటుంది, పై పట్టీ బ్లాకును ఆపుతుంది. ఆ పలకను వడ్రంగి దగ్గర చేయించుకోవడం ఏ ఉలి కొనడం కన్నా ముందు చేయవలసిన పని. వంపు గీతలకు చేతిని తిప్పవద్దు, చేతిని కదలనివ్వకుండా బ్లాకును తిప్పండి. లోతు ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు చాలు. గోనె కనిపించిందంటే మితిమీరి చెక్కినట్టే.

చెక్క బ్లాకు సంగతి వేరు, ఎందుకంటే లైనోకు నార లేదు, చెక్కకు ఉంది. నార వెంట ఉలి తోసుకుపోతే సులువుగా పోతుంది, కొన్నిసార్లు మనం ఆపదలచిన చోటు దాటి కూడా చీలుకుంటూ పోతుంది. నారకు అడ్డంగా పోతే చెక్క చిట్లుతుంది. అందుకని చెక్క మీద మొదటి పని కత్తిది: ఉంచదలచిన గీతకు రెండు పక్కలా ఏటవాలుగా గాట్లు పెట్టి, ఆ తరువాతే యూ ఆకారపు ఉలితో చుట్టూ ఉన్నదాన్ని తీయాలి. చీలిక వచ్చినా కత్తి గాటు దగ్గర ఆగిపోతుంది. చెక్కను చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో నున్నగా చేసుకోవాలి, కొత్తవారికి నున్నని ప్లైవుడ్ కూడా పనికివస్తుంది. జపాన్ ముద్రాకళలో దుంగ పొడవునా పలకగా కోసిన చెర్రీ చెక్కను వాడారు. ఇంగ్లండులో థామస్ బ్యూవిక్ అనే చెక్కడపు కళాకారుడు బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క దుంగను అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కారు. ఆ ముఖం మీద నార ఏ పక్కకూ పారదు కనుక వెంట్రుక వంటి తెల్లగీతలు సాధ్యమయ్యాయి. చూశారా, అక్కడా ముగ్గే.

పెడన కలంకారీ బ్లాకులతో కాగితం మీద అచ్చు వేయవచ్చా అని కొందరు అడుగుతారు. ఆ టేకు అచ్చులు గుడ్డ కోసం, పలుచని ద్రవం కోసం చెక్కినవి. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప తుప్పు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవాన్ని తడి మెత్త మీద నుంచి అచ్చుకు అద్ది, చేత్తో కొట్టి వేస్తారు; నలుపు గుడ్డ మీదనే పుడుతుంది. మన ఇంకు చిక్కనిది, రోలర్‌తో పూసేది. ఆ లోతైన చెక్కుడును అక్కడి పనివారి దగ్గర నేర్చుకోండి, కానీ ఆ అచ్చుల మీద నూనె ఇంకు పూసి వాటిని పాడుచేయకండి.

ఇంకు పూయడం గురించి చెప్పాలంటే మళ్లీ కల్లాపి దగ్గరికి రావాలి. నీళ్లు మడుగు కట్టిన చోట ముగ్గుపిండి కరిగి గీత చెదిరిపోతుంది, పొడిగా వదిలేసిన చోట గాలికి ఎగిరిపోతుంది. ఇంకు కూడా అంతే. గాజు పలక మీద చెంచాడు ఇంకు వేసి, అటూ ఇటూ రోలర్ నడిపిస్తూ చెవి పెట్టి వినండి. మొదట తడి నేల మీద చెప్పులు అతుక్కుంటున్నట్టు చపచపమని మోగుతుంది. ఇంకు పలచబడి సమంగా పరచుకున్నాక అది సన్నని బుసలా మారుతుంది, పైభాగం మఖమలులా కనిపిస్తుంది. ఆ శబ్దం వచ్చాకే బ్లాకు మీదకు వెళ్లాలి. ఒకేసారి మందంగా పూయకుండా, పలుచగా నాలుగైదు సార్లు పూయాలి. మందంగా పూస్తే సన్నని గాడులు నిండిపోయి మీరు కష్టపడి వేసిన ముగ్గంతా మూసుకుపోతుంది. నీటి ఇంకు మన వేడికి గాజు పలక మీదే ఆరిపోతుంది. సబ్బుతో కడగగల నూనె ఇంకులు ఇప్పుడు దొరుకుతున్నాయి, వేసవిలో నేను వాటినే వాడతాను.

అనుకున్న సమయం దాదాపు అయిపోయింది, మిగిలినవి త్వరగా చెబుతాను. ప్రెస్సు లేకపోతే పలుచని, గట్టి కాగితం తీసుకోండి. నేపాలీ లోక్తా, జపాన్ కోజో రెండూ బాగుంటాయి. మందపాటి చేతితయారీ కాగితం చేతి రుద్దుడుకు లొంగదు. కాగితాన్ని బ్లాకు మీద పరిచి, ఒక మూల అదిమి పట్టి, చెక్క గరిటె వెనుక భాగంతో మధ్య నుంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఒక మూల ఎత్తి చూసి, తేలిపోయిన చోట మళ్లీ రుద్దవచ్చు.

రంగుల కోసం రెండు దారులున్నాయి. రంగుకొక బ్లాకు చెక్కడం ఒకటి. పెడనలో హద్దు గీతకొక అచ్చు, లోపలి నింపుడుకొక అచ్చు వాడేది ఈ పద్ధతిలోనే. రెండోది ఒకే బ్లాకును దశలవారీగా చెక్కడం, 1950ల చివర్లో పికాసో ఫ్రాన్స్‌లోని వాలోరిస్‌లో విస్తృతంగా చేసిన పద్ధతి. తెల్లగా ఉండవలసినది మొదట తీసి పసుపు వేయాలి, పసుపుగా మిగలవలసినది తీసి ఎరుపు వేయాలి, అలా లేత నుంచి ముదురుకు పోవాలి. వెనక్కి వెళ్లడం కుదరదు కాబట్టి కావలసినన్ని కాగితాలు, చెడిపోయేవాటికి మరో నాలుగు, మొదటి రంగు రోజునే ముద్రించుకోవాలి. ప్రతిసారీ కాగితం ఒకే చోట కూర్చోవడానికి జపాన్‌వారు బ్లాకులోనే ఒక మూల, ఒక అంచు గుర్తుగా చెక్కుకుంటారు. మీరు బల్ల మీద అట్టముక్కలు అతికించుకున్నా సరిపోతుంది.

నూనె ఇంకు ముద్రలను తాడుకు వేలాడదీసి కొన్ని రోజులు ఆరనివ్వండి. ఆరాక కింద పెన్సిలుతో, పది తీస్తే మూడోదానికి 3/10 అని వేయండి. బ్లాకును మొదట వంటనూనెతో, తరువాత సబ్బుతో తుడవండి. అవిసె నూనె ఇంకు పీల్చిన పేలికలను మాత్రం ఉండచుట్టి మూల పడేయవద్దు, ఆ నూనె ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. వాటిని నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి, లేదా ఒక్కొక్కటిగా ఆరుబయట పరచి ఆరవేయండి.