హాజరు పట్టీ

వేదిక మీది పెద్దలకు, మేనేజ్‌మెంట్ చదువుతున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండకు అది కాస్త ఎక్కువే. ‘బహుళజాతి కంపెనీలు, మానవ హక్కుల రిస్కు’ అని కాగితం మీద రాసిచ్చారు. కర్నూలు జిల్లాలో పాతికేళ్లు అక్షరాలు దిద్దించినవాణ్ని. రిస్కు అంటే నాకు గుర్తొచ్చేది పత్తిచేనే.

హైబ్రిడ్ పత్తి విత్తనం ఎలా తయారవుతుందో మీలో ఎవరైనా చూశారా? సాయంత్రం ఆడ మొక్క మొగ్గ ఒలిచి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ప్రతి మొగ్గకూ, చేత్తోనే. క్రాసింగ్ అంటారు. అప్పట్లో నెలల తరబడి ఆ పని చేసింది ఎక్కువగా ఆడపిల్లలే. చిన్న వేళ్లకైతే ఒడుపుగా వస్తుందని ఒక సాకు. అసలు సంగతి కూలి తక్కువ. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్స్ ముట్టేది.

2003లో ఈ పిల్లల పని మీద పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు గారి అధ్యయనం వచ్చాక విదేశాల్లో గొడవైంది. మా ఒప్పందం ఆర్గనైజర్‌తో, అంటే మధ్యవర్తితో, రైతుతో కాదు అనేది విత్తన కంపెనీల వాదన. వ్యాపారం, మానవ హక్కుల మీద 2011 నాటి ఐక్యరాజ్యసమితి సూత్రాల ముందు అది చెల్లదు. సరుకు మీది, దాని వెనక జరిగేదీ మీ లెక్కలోకే వస్తుంది. ఆ గొడవ తర్వాత కంపెనీల తనిఖీలు వచ్చాయి. పిల్లల్ని పనికి పెట్టుకోని రైతుకు జర్మనీ కంపెనీ బేయర్ విత్తనం కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్ ఇచ్చింది. నన్నడిగితే మందు అదే. గింజ ధర కంపెనీ చేతిలో ఉంటే పెద్దవాళ్ల కూలి రైతు ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇది రాసుకోండమ్మా, పరీక్షలో రాకపోయినా సరే.

ఇక ఆ తనిఖీ సంగతి. జీపు చప్పుడు వినబడగానే పిల్లలు పక్క జొన్నచేలోకి పరుగు. ఆఫీసరు మంచివాడే, బడికి కూడా వచ్చాడు. ఏ కంపెనీ అని అడక్కండి. హాజరు పట్టీ చూపించమన్నాడు. నాలుగో తరగతిలో ఒక పిల్ల దసరా సెలవుల తర్వాత మళ్లీ రాలేదు. పట్టీలో మాత్రం రోజూ ఉంది. మధ్యాహ్న భోజనం లెక్క తగ్గితే పైనుంచి అడుగుతారని నేనే హాజరు వేసేవాణ్ని. అతను పేజీలు ఫోటో తీసుకుని, ‘థాంక్స్ సార్’ అని వెళ్లిపోయాడు.

టైమైందని చీటీ వచ్చింది. అయిపోయింది, ఒక్క నిమిషం.

సంక్రాంతి వెళ్లాక ఆ పిల్ల బడికొచ్చింది. ‘ఎన్ని రోజులు పోయినాయి సార్?’ అని అడిగింది. పట్టీ తీసి చూశాను. ఒక్కరోజు కూడా పోలేదు.