మోసినవాడి దగ్గరే ఆగిపోతున్న కేసు

సభలో ఉన్న న్యాయవిద్యార్థులకు, శిక్షణలో ఉన్న ఎస్సైలకు, డీ-అడిక్షన్ కేంద్రాల సిబ్బందికి నమస్కారం.

ముందు కొన్ని అంకెలు చెబుతాను, రాసుకోండి. గంజాయి 1 కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, జరిమానా లక్షకు తగ్గదు. ఈ రెండింటి నడుమ పడితే 10 ఏళ్ల దాకా. హెరాయిన్‌కు ఆ రెండు గీతలు 5 గ్రాములు, 250 గ్రాములు. ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏకు అర గ్రాము, 10 గ్రాములు. ఈ శిక్షలన్నీ ఉన్న మన మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో వచ్చింది. బరువును బట్టి శిక్ష అనే పద్ధతి మాత్రం 2001 సవరణతో వచ్చింది. అంతకుముందు హెరాయిన్ లాంటివాటికి, సొంత వాడకానికేనని ముద్దాయి రుజువు చేసుకుంటే తప్ప, కొంచెమైనా ఎక్కువైనా కనీసం పదేళ్లే. ఆ లెక్కన ఇది మంచి మార్పే. కానీ తూకం చేతిలో ఉన్న సరుకు బరువే చెబుతుంది, ఆ సరుకు వెనక ఎవరున్నారో చెప్పదు.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దునే తీసుకోండి. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, సీలేరు ప్రాంతాల్లో 'శీలావతి' రకం గంజాయి సాగైంది. అక్కడి గొలుసు చూడండి. అడ్వాన్సు ఇచ్చి విత్తనం వేయించే దళారి ఒకడు. పండించే గిరిజన రైతు ఇంకొకడు. మూటను కొండ దించే కూలి, బండి తోలే డ్రైవరు, నగరంలో దించుకునేవాడు, వీళ్లందరికీ పెట్టుబడి పెట్టినవాడు. 20 కిలోలకు మించిన సరుకు చేతిలో ఉండేది ఎవరికి? కూలికి, డ్రైవరుకు. పెట్టుబడి పెట్టినవాడు ఆ మూటను ముట్టుకోడు. ఇక 37వ సెక్షన్ ప్రకారం వాణిజ్య పరిమాణం, అంటే పైగీత దాటిన బరువు, కేసులో బెయిలు ఇవ్వాలంటే, ముద్దాయి దోషి కాదని, విడుదలైతే మళ్లీ నేరం చేయడని నమ్మడానికి జడ్జికి తగిన ఆధారాలు కనిపించాలి. రోజుకూలికి మూట మోసినవాడు ఆ రెండు షరతులు దాటలేక ఏళ్ల తరబడి లోపలే ఉంటాడు. నాకు ఈ చట్టంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పోలీసులు ఏమీ చేయలేదని కాదు. 2021 చివర మొదలైన 'ఆపరేషన్ పరివర్తన'లో వేల ఎకరాల్లో మొక్కలు పీకేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో ఏపీలో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగమే వచ్చింది. పంట పీకడం ఒక్క రోజు పని. ఆ రైతుకు కాఫీ మొక్క చేతికిస్తే అది కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ మధ్య కాలంలో దళారి మళ్లీ అడ్వాన్సు పట్టుకొని గడప దగ్గరికి వస్తాడు. ప్రత్యామ్నాయ పంట అంటే మొక్కలు పంచడం ఒక్కటే కాదు. కాపు వచ్చేదాకా ఇల్లు గడవాలి, వచ్చాక సంతలో కొనేవాడు ఉండాలి.

ఇక దర్యాప్తు. ఎస్సైలు కాస్త శ్రద్ధగా వినండి, అసలు వ్యాపారి బయటపడేది ఇక్కడే.

సమాచారం రాగానే రాతలో పెట్టాలి. 72 గంటల్లోగా పై అధికారికి ప్రతి పంపాలి. ఇది 42వ సెక్షన్. 2009లో కర్నైల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఆలస్యానికి సంజాయిషీ ఉంటే ఒప్పుకోవచ్చు, అసలు రాయకపోతే మాత్రం కేసు నిలవదు. తర్వాత 50వ సెక్షన్. ఒంటి మీద సోదా చేసేముందు 'గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ సోదా చేయించుకునే హక్కు నీకుంది' అని చెప్పాలి. ఇక్కడ చాలామంది 'లేదా నేనే చేయనా?' అని మూడో దారి కలుపుతారు. అది చెల్లదని 2014లో పరమానంద్ కేసు తేల్చింది. ఇద్దరిని నిలబెట్టి ఒకే నోటీసు మీద ఇద్దరి సంతకాలు తీసుకోవడం కూడా చెల్లదని అదే తీర్పు. చేతిసంచికి, డిక్కీకి ఈ సెక్షన్ వర్తించదు. అయినా సంచితో పాటు జేబులు కూడా తడిమితే వర్తిస్తుందని వాదించడానికి డిఫెన్సుకు దారి దొరుకుతుంది.

నమూనాల దగ్గర పొరపాట్లు ఇంకా ఎక్కువ. రోడ్డు మీదే ప్యాకెట్లన్నీ విప్పి, ఒకే కుప్పగా కలిపి, అందులోంచి నమూనా తీస్తే ఏ ప్యాకెట్‌లో ఏముందో ఎవరూ చెప్పలేరు. 2022 నిబంధనల ప్రకారం నమూనా తీయాల్సింది 52ఏ సెక్షన్ కింద మేజిస్ట్రేటు సమక్షంలో. గంజాయికైతే 24 గ్రాముల చొప్పున రెండు. పచ్చిగా పట్టుకున్న సరుకు మాల్‌ఖానాలో, అంటే స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలో, ఎండి బరువు తగ్గుతుంది. పట్టుకున్న రోజు తడిగా ఉందని పంచనామాలో ఒక్క ముక్క రాయకపోతే, 'మిగతా కిలోలు ఏమయ్యాయి?' అన్న ప్రశ్నకు కోర్టులో జవాబుండదు. ప్యాకింగ్ టేపు, గోనె బరువు తీసేసి నికర బరువు విడిగా రాయండి. 21 కిలోలన్న కేసు టేపు తీశాక 19 కిలోలైతే కనీస పదేళ్ల శిక్ష అక్కడితో పోయినట్టే. ఇంకొకటి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. పంచనామాలో 'ఆకులు, గింజలు, కాడలు' అని రాసి పూత కొసల మాటే ఎత్తకపోవడం చాలా కేసుల్లో కనిపిస్తుంది. 52ఏ లోపం ఒక్కటే కేసును కొట్టేయడానికి చాలదని 2025లో సుప్రీంకోర్టు అన్నది నిజమే. దాన్ని అలసత్వానికి అనుమతిగా తీసుకోకండి.

ఇంత జాగ్రత్తగా చేసినా చేతికి చిక్కింది డ్రైవరే. పైవాడి పేరు డ్రైవరు చెప్పాడని వాంగ్మూలం రాసుకొని ఆ పైవాణ్ని ఏ-5గా, అంటే ఐదో ముద్దాయిగా, చేర్చి ఊరుకుంటే, అతను విడుదలై తీరుతాడు. పోలీసుకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు. 67వ సెక్షన్ కింద ఇతర విభాగాల అధికారులు తీసుకున్న ఒప్పుకోలు కూడా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు వచ్చింది. అందువల్ల ఫోన్ కాల్ వివరాలు, యూపీఐ చెల్లింపులు, టోల్‌గేట్ రికార్డు, లాడ్జి రిజిస్టరు, బండి ఎవరి పేరున ఉంది, కిరాయి ఎవరు కట్టారు అన్నవే పైవాడిదాకా తీసుకెళ్లే దారులు. 27ఏ సెక్షన్‌లో పెట్టుబడిదారుకూ పది నుంచి ఇరవై ఏళ్లే. ఐదో-ఏ అధ్యాయం కింద ఆస్తి స్తంభింపజేయవచ్చు. ఆ ఉత్తర్వు ప్రతి 48 గంటల్లో కాంపిటెంట్ అథారిటీకి చేరాలి, 30 రోజుల్లో ధ్రువీకరణ రాకపోతే ఉత్తర్వు పోతుంది. ఈ పనికి ఒక అకౌంటెంటు కావాలి. చెక్‌పోస్టు దగ్గర పది మంది కానిస్టేబుళ్లున్నా ఇది తేలదు.

చట్టబద్ధం చేస్తే ఇవన్నీ తప్పుతాయిగా అని విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కెనడా 2018 అక్టోబరు 17న గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేసింది. పోర్చుగల్ దారి వేరు. 2001 జులై నుంచి అక్కడ పది రోజుల వాడకానికి సరిపడా మత్తుమందు దగ్గరుంచుకోవడం నేరం కాదు, పాలనాపరమైన తప్పు. పట్టుబడినవాడు ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వెళ్తాడు, అవసరమైతే అక్కడి నుంచి చికిత్సకు. అమ్మకం మాత్రం నేరంగానే ఉంచారు. అమెరికాలోని ఒరెగాన్ 2021లో దీన్ని అనుకరించబోయి వంద డాలర్ల చీటీ చేతికిచ్చి పంపింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఆ జరిమానా మాఫీ అన్నారు. చేసినవారు బహు కొద్దిమంది. చికిత్సకు కేటాయించిన నిధులు ఆలస్యంగా అందాయి. 2024 సెప్టెంబరులో దగ్గరుంచుకోవడాన్ని మళ్లీ నేరం చేశారు. పోర్చుగల్ కమిషన్ మీద డబ్బు, మనుషులు పెట్టింది. ఒరెగాన్ చీటీతో సరిపెట్టింది.

నా అభిప్రాయం దాచను. మన దగ్గర గంజాయి దుకాణాలు తెరవాలని నేను అనను. 1995లో మద్యనిషేధం పెట్టి 1997లో సడలించిన రాష్ట్రం మనది. నిషేధం సారాబట్టీలను పెంచడం చూశాం, సడలింపు మద్యం రాబడిని ఖజానాకు అలవాటు చేయడమూ చూశాం. వాడేవాణ్ని మాత్రం జైలు నుంచి తప్పించాలి.

చికిత్స లేకుండా సరఫరా మాత్రమే కోసేస్తే ఏమవుతుందో తెలంగాణ కల్లు కాంపౌండ్లు చెబుతాయి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తు మందు రోజూ తాగినవాడికి ఒక్కసారిగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి అలాంటివారు బారులు తీరారు. ఆ మందు డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప కొట్టు మూసి వెళ్లిపోకూడదు. దాడి చేసే రోజే దగ్గరి ప్రభుత్వాస్పత్రికి ముందుగా చెప్పి ఉంచండి.

వకీళ్లు కాబోయేవారికి ఒక్క పని. 64ఏ సెక్షన్ చదవండి. మత్తుమందు వాడినందుకు 27వ సెక్షన్ కిందో, కిందిగీత దాటని స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న, మత్తుకు బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ ఉపసంహరించవచ్చు. రిమాండు రోజునే కుటుంబానికి ఈ మాట చెప్పండి. 14446 హెల్ప్‌లైన్‌లో కేంద్రం వివరం తీసుకోండి. చేరిన తేదీ, డాక్టరు రాత, హాజరు కాగితాలు జత చేసి పిటిషన్ వేయండి. శిక్ష పడ్డాక కూడా 39వ సెక్షన్ కింద బాండు మీద చికిత్సకు పంపమని కోర్టును అడగవచ్చు.