కార్పొరేటర్ కంటే ముందు మడిగెల వాళ్ల దగ్గరికి

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు సైకిల్ గురించి మాట్లాడుకుందాం. ఎన్నికల గుర్తు సంగతి కాదు, తొక్కే సైకిల్ సంగతే.

2021లో మన వరంగల్‌కు ఒక మంచి పేరు వచ్చింది. అంతకు ముందు ఏడాది, కరోనా రోజుల్లో, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ "ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్" అని నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. వందకు పైగా నగరాలు పేరు నమోదు చేసుకున్నాయి. చివరికి ఎంపికైన 11 నగరాల్లో బెంగళూరు, సూరత్, నాగ్‌పూర్, భువనేశ్వర్‌లతో పాటు వరంగల్ కూడా ఉంది. ఒక్కో నగరానికి కోటి రూపాయల బహుమతి. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ జాబితాకెక్కింది మన ఊరొక్కటే.

మరి హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా పదో తరగతి చదివే పిల్లను సైకిల్ మీద ఒక్కదాన్నే పంపమంటే పంపుతారా? పంపరు. నేనూ పంపను. రోడ్డు పక్కన తెల్ల గీత గీసి, మధ్యలో సైకిల్ బొమ్మ వేసినంత మాత్రాన ఆ ధైర్యం రాదు. ఆ గీత మీద పొద్దున పాల ట్రాలీ ఆగుతుంది, తొమ్మిదింటికి ఆటోలు ఆగుతాయి, సాయంత్రం మిర్చి బజ్జీల బండి ఆగుతుంది. సైకిల్ మీద పోయేవాడు ఆగి ఉన్న ఆటోను తప్పించుకోవడానికి కుడికి తిరుగుతాడు. వెనక నుంచి బస్సు వస్తుంటుంది. దేశంలో ఏటా రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్న లక్షన్నర మందికి పైగా మనుషుల్లో నాలుగు వేలకు పైగా సైకిల్ తొక్కేవాళ్లే.

కాబట్టి అడగాల్సింది గీత కాదు, గట్టు. బండ్లు పోయే దారికీ సైకిల్ దారికీ మధ్య కాంక్రీటు కర్బు ఉండాలి. లేదా బొలార్డుల, అంటే పొట్టి స్తంభాల వరుస ఉండాలి. కనీసం ఆగి ఉన్న కార్ల వరుసైనా అడ్డంగా ఉండాలి. రక్షిత సైకిల్ ట్రాక్ అంటే అదే. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, పైన సోలార్ కప్పుతో, 2023లో ప్రారంభించారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ దాని దగ్గరికి చాలామంది సైకిల్‌ను కారుకు తగిలించుకుని పోతారు. ఆదివారం వ్యాయామానికి అది సరిపోతుంది. తాపీ పనికి పోయే మనిషికి కావలసింది మాత్రం ఇంటి నుంచి అడ్డా దాకా దారి.

ఈ పని ఎవరితో చేయించాలి? మీ డివిజన్ కార్పొరేటర్‌తోనే. పదవిలో ఉన్నవారు సరే, టికెట్ ఆశించి తిరుగుతున్నవాళ్లు కూడా ఈ మాట వినడానికి పనికొస్తారు. ఒక్కోసారి వాళ్లే ఎక్కువ ఓపికగా వింటారు. ఇంకో మాట. మన మున్సిపాలిటీల్లో సగం సీట్లు మహిళలవి. కార్పొరేటర్ మహిళ అయితే ఆమెతోనే మాట్లాడండి, పక్క కుర్చీలో కూర్చున్న భర్తతో కాదు. సంతకం ఆమెది.

వెళ్లగానే మీకు వినిపించే మొదటి మాట నేను చెప్పగలను. "ఈ రోజుల్లో సైకిల్ ఎవరు తొక్కుతున్నరన్నా?" దీనికి కాలుష్యం, ఓజోన్ పొర, భూతాపం అని మొదలుపెడితే టీ ఇచ్చి పంపిస్తారు. లెక్క చూపించండి. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం కాని పనులకు వెళ్లేవాళ్లలో దేశం మొత్తం మీద దాదాపు 13 శాతం మంది సైకిల్ మీద పోతున్నారని తేలింది. అప్పటికి మోటార్‌సైకిల్ మీద పోయేవాళ్ల కంటే అది కొంచెం ఎక్కువే. ఇప్పుడు తగ్గి ఉండొచ్చు, కానీ వీళ్లు మాయమైపోలేదు. నాయకుడు కారు బయటికి తీసే వేళకు వీళ్లంతా పనిలో ఉంటారు, అంతే. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా చౌరస్తాలో ఒక కాగితం పట్టుకుని నిలబడండి. పేపర్ వేసే పిల్లలు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్లు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న కూలీలు, వెనక క్యారియర్ మీద చెల్లెల్ని కూర్చోబెట్టుకున్న సర్కారు బడి పిల్లలు. ఎవరి ఇల్లు ఏ బస్తీలో ఉందో అడిగి రాసుకోండి. ఆ బస్తీ ఏ బూత్ కిందికి వస్తుందో కార్పొరేటర్‌కు మీరు చెప్పక్కర్లేదు.

ఇక అసలు భయం. చాలామంది అనుకుంటారు, నిధులు లేక చేయరని. నిధుల సమస్య లేదని కాదు గానీ, అంతకంటే పెద్ద అడ్డంకి పార్కింగ్. కర్బు కట్టగానే మడిగెల, అంటే దుకాణాల ముందు బండ్లు ఆపే చోటు తగ్గుతుంది. మడిగెల వాళ్లంతా సంఘంగా ఉంటారు, ఓట్లు వేయించగలరు, ఎన్నికలప్పుడు చందా ఇవ్వగలరు. సైకిల్ తొక్కేవాడికి సంఘం లేదు. మడిగెల వాళ్లు పది మంది ఇంటి మీదికి వస్తే ఏం చెప్పాలన్నదే కార్పొరేటర్ టెన్షన్. ఆ జవాబు మీరు తయారు చేసి పెట్టాలి. అందుకే నేను చెప్పేదేమిటంటే, కార్పొరేటర్ దగ్గరికి పోయే ముందు మడిగెల వాళ్ల దగ్గరికి పోండి.

పోయేటప్పుడు చేతిలో ఒక టేపు ఉండాలి. అరవై అడుగుల రోడ్డు అనుకుందాం. అంటే 18 మీటర్ల పైచిలుకు. రెండు వైపులా కాల్వ, ఫుట్‌పాత్ కలిపి నాలుగు మీటర్లు తీసేయండి. 14 మిగులుతుంది. వచ్చే బండ్లకు, పోయే బండ్లకు కలిపి 7. రెండు వైపులా సైకిళ్లకు రెండేసి మీటర్లు, 4. రెండు కర్బులకు అరేసి మీటరు చొప్పున 1. ఇంకా రెండు మీటర్లున్నాయి. ఆ రెండు మీటర్లలో ఒక వైపు పార్కింగ్ వరుస సరిగ్గా పడుతుంది. అంటే పార్కింగ్ మొత్తం పోదు, రెండు వైపుల నుంచి ఒక వైపుకు వస్తుంది. ఏ వైపు ఉంచాలో మడిగెల వాళ్లనే తేల్చుకోమనండి. సరుకు దించుకునే ఆటో ట్రాలీలకు పొద్దున ఏడు లోపు టైం ఇద్దామనండి. అప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. మడిగె ముందు రోజంతా ఆగి ఉండే బండ్లలో చాలావరకు కస్టమర్లవి కావు, ఆ మడిగెల వాళ్లవీ వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లవీ. ఈ మాట వాళ్ల నోటితోనే రానివ్వండి. మీరంటే కొట్లాట అవుతుంది.

వాళ్లు ఒప్పుకుంటే నాలుగు సంతకాలు తీసుకోండి. ఆ నాలుగు సంతకాలున్న కాగితం, నాలుగు వందల మంది కాలేజీ పిల్లలు సంతకాలు చేసిన వినతిపత్రం కంటే బరువైనది. మన దగ్గర రాజకీయం అలాగే నడుస్తుంది.

"ఎండలో ఎవరు తొక్కుతారు" అని ఇంకో ప్రశ్న వస్తుంది. స్పెయిన్‌లో సెవిల్ అనే ఊరుంది. ఎండాకాలం అక్కడ 40 డిగ్రీలు మామూలు, మన మే నెలకు ఏమీ తీసిపోదు. ఇరవై ఏళ్ల కింద అక్కడ సైకిల్ తొక్కేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. నగర పాలక మండలిలో భాగస్వామిగా ఉన్న ఒక చిన్న పార్టీ సైకిల్ దారుల కోసం పట్టుబట్టింది. 2006, 2007 సంవత్సరాల్లో దాదాపు 80 కిలోమీటర్ల ట్రాక్ గట్టు కట్టి, ఒకదానికొకటి కలిసేలా వేశారు. అందుకోసం వేల సంఖ్యలో కారు పార్కింగ్ చోట్లు తీసేశారు. గొడవ కాలేదా అంటే అయింది. కానీ కొన్నేళ్లలోనే సైకిల్ ప్రయాణాలు దాదాపు పదింతలయ్యాయి. ఇందులో మన నాయకులకు నచ్చే సంగతి ఒకటుంది. శంకుస్థాపన చేసిన పాలకులే రిబ్బన్ కూడా కత్తిరించుకున్నారు. ఫ్లైఓవర్ అయితే ఒకరు కొబ్బరికాయ కొడతారు, ఇంకొకరు ప్రారంభిస్తారు. సైకిల్ ట్రాక్ ఒకే పదవీకాలంలో అయిపోయే పని. ఈ ముక్క మాత్రం తప్పకుండా చెప్పండి.

నగరమంతా వేయమని అడగొద్దు. బడి నుంచి బస్టాండ్ దాకా, లేదా బస్తీ నుంచి అడ్డా దాకా, ఒక్క రోడ్డు పేరు చెప్పండి. ముందు ప్లాస్టిక్ డ్రమ్ములు, ఇసుక బస్తాలు పెట్టి ఒక నెల చూద్దామనండి. బాగా లేకపోతే తీసేయొచ్చు కాబట్టి నాయకుడికి వెనక్కి తగ్గే దారి ఉంటుంది. అప్పుడే ఒప్పుకుంటారు.

నోటి మాట మీద వదిలేయకండి. సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అదే కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. సైకిల్స్ ఫర్ ఛేంజ్ బహుమతి డబ్బు ఏ రోడ్డు మీద, దేనికి ఖర్చయిందో సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇంజనీర్లు ప్రమాణాలు లేవంటే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 11 అనే ప్రమాణాల పుస్తకం సైకిల్ ట్రాకుల కోసమే ఉందని, 2015లో దాన్ని సవరించారని గుర్తు చేయండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అనే సెక్షన్ చేర్చారు. డిజైన్ ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యత గల ప్రభుత్వ సంస్థకు, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దీన్ని బెదిరింపుగా కాకుండా మర్యాదగానే చెప్పండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి కూడా పైవాళ్లకు చూపించుకోవడానికి ఒక కారణం కావాలి కదా.

చివరగా ఒక జాగ్రత్త. ట్రాక్ పడిన మొదటి వారమే మోటార్‌సైకిళ్లు అందులోకి ఎక్కుతాయి. ఢిల్లీలో 2008లో బీఆర్‌టీ, అంటే బస్సులకు ప్రత్యేక వరుస ఉన్న రోడ్డు వెంట వేసిన సైకిల్ ట్రాకుల్లో జరిగింది ఇదే. అందుకని ప్రతి మలుపు దగ్గర బొలార్డులు ఎంత దూరంలో పెట్టాలి, ట్రాఫిక్ పోలీసు ఎక్కడ నిలబడాలి, వానాకాలం కొట్టుకొచ్చే మట్టిని ఎవరు ఊడవాలి, ఇవన్నీ ఎస్టిమేట్ వేసేటప్పుడే రాయించండి. టెండర్ అయిపోయాక ఏఈ గారి చేతిలో ఏమీ ఉండదు.

సెలవు. నమస్కారం.