థీమ్ పార్క్ రివ్యూ: ఈసారి మార్కులు రైడ్లకు కాదు, గేటు దగ్గర నిలబడేవాళ్లకి

హాయ్ అండీ, అందరికీ నమస్తే.

థీమ్ పార్క్ రివ్యూ అనగానే మీరు ఏం ఎదురుచూస్తారో నాకు తెలుసు. ఏ కోస్టర్ ఎంత ఎత్తు, క్యూలో ఎంతసేపు నిలబడాలి, ఏది ఎక్కితే కడుపులో తిప్పుతుంది. అవేవీ ఈ వీడియోలో ఉండవు. ఈరోజు రివ్యూ అక్కడ పనిచేసేవాళ్ల మీద. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, వాళ్లకీ పార్కుకి వచ్చిన పిల్లలకీ మధ్య పది సెకన్లలోనో, అర నిమిషంలోనో జరిగిపోయే చిన్న చిన్న సంగతుల మీద.

ముందే చెప్పేస్తున్నా, తర్వాత పక్షపాతం అనకండి. నేనూ రెండు సీజన్లు ఒక పార్కులో పనిచేశాను. ఏ పార్కో అడగొద్దు. చాలా గొప్ప ఉద్యోగం లెండి. రోలర్ కోస్టర్ గేటు దగ్గర ఎత్తు కొలిచే కర్ర పట్టుకుని నిలబడటం. అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లల్ని ఏడిపించి, దానికి జీతం తీసుకోవడం.

ఆ కర్ర దగ్గరే మొదలుపెడదాం. చాలా రైడ్లకి 40 అంగుళాలు, అంటే దాదాపు 102 సెంటీమీటర్లు ఉండాలి. పెద్దవాటికి 48, అంటే 122. "వేలెడు తక్కువైతే ఏమవుతుందండీ, వదిలేయండి" అని పెద్దవాళ్లు రోజూ అడుగుతారు. ఒళ్లోకి దిగే ల్యాప్ బార్ ఇంత ఒళ్లుంటేనే గట్టిగా పట్టుకుంటుంది అని లెక్కేసి చేసింది. ఎవరు బతిమాలినా అది వినదు. నేనూ వినకూడదు.

కానీ అక్కడ నేను గమనించింది ఒకటుంది. తండ్రి నాతో వాదిస్తుంటాడు, తల్లి ఫోన్లో రూల్స్ వెతుకుతుంటుంది. పిల్లాడు మాత్రం మా ముగ్గురినీ చూడడు. కర్రనే చూస్తాడు. గీతకీ తన తలకీ మధ్య ఉన్న ఆ ఖాళీని చూస్తాడు. వాడి లెక్కలో అది పరీక్ష తప్పడం. మొదటి వారం నాకిది తెలియలేదు. "సారీ, నెక్స్ట్" అనేదాన్ని, అది కూడా తండ్రితో. పక్క గేటులో ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, పిల్లాడితోనే, పిల్లాడి కళ్లలోకి చూస్తూ చెప్పేవాడు: "నీకు ఇంకా రెండు వేళ్లు కావాలి. ఇప్పుడు కుదరదు." అంతే. బుజ్జగించడం లేదు, చాక్లెట్ లేదు. ఆశ్చర్యం ఏంటంటే ఆయన గేటు దగ్గర ఏడుపులు తక్కువ.

కాబట్టి ఈ రివ్యూలో నేను చూసేది ఒక్కటే. పిల్లలకి పెద్ద విషయం అనిపించినదాన్ని ఆ పనిమనిషి కూడా పెద్ద విషయంగానే తీసుకున్నాడా, లేదా? పనిమనిషి అనేశాను, క్షమించండి. డిస్నీవాళ్లు వింటే ఊరుకోరు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచారు. అక్కడ ఉద్యోగులు అనరు, క్యాస్ట్ మెంబర్స్ అంటారు, అంటే నటవర్గం. వచ్చినవాళ్లు కస్టమర్లు కాదు, గెస్టులు. జనం కనిపించేచోట ఉంటే ఆన్ స్టేజ్, తలుపు దాటి లోపలికెళితే బ్యాక్ స్టేజ్. 1971లో ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే ఇంకో పార్కు కట్టినప్పుడైతే కింద ఏకంగా సొరంగ దారులే వేసేశారు. కౌబాయ్ వేషంలో ఉన్నవాడు భవిష్యత్ నగరం మధ్యలోంచి నడుచుకుంటూ డ్యూటీకి వెళ్లకూడదట. చూస్తున్న పిల్లలు ఏమనుకుంటారు మరి!

వాళ్ల ట్రైనింగులో ఒక వరస ఉంటుంది. ముందు భద్రత, తర్వాత మర్యాద, తర్వాత షో, ఆ తర్వాతే చకచకా పని. ఈమధ్య ఇంకోటి కూడా కలిపారు, అందరినీ కలుపుకుపోవడం అని. నాకు నచ్చిన విషయం, మర్యాద భద్రత తర్వాత రావడం. రూల్ పక్కన పెడితేనే పిల్లలు ఆనందపడతారని చాలామంది అనుకుంటారు. నేను చూసిన మంచి సందర్భాల్లో ఒక్కదాంట్లోనూ రూల్ తప్పలేదు.

సరే, ఊడ్చేవాళ్ల దగ్గరికి వద్దాం. నా టాప్ మార్కులు వీళ్లకే. టోక్యో డిస్నీలాండ్, 1983లో మొదలైంది, అమెరికా బయట డిస్నీ పేరుతో వచ్చిన మొదటి పార్కు. అక్కడ శుభ్రం చేసేవాళ్లు చీపురు నీళ్లలో ముంచి నేల మీద బొమ్మలేస్తారు. మిక్కీ, డొనాల్డ్, గూఫీ. శరదృతువులో అయితే రాలిన ఆకుల్ని చీపురుతోనే అటూ ఇటూ జరిపి బొమ్మ చేస్తారు. వేరే డిస్నీ పార్కుల్లో కూడా నీళ్ల బొమ్మలు వేస్తారు. ఒక్కసారి ఊహించుకోండి. ఎండగా ఉంది, నేల వేడిగా ఉంది. చీపురు అంచుతో ముందు ఒక చెవి గీస్తాడు. రెండో చెవి గీసి ముక్కు దగ్గరికి వచ్చేసరికి మొదటి చెవి అంచులు ఆరిపోతూ ఉంటాయి. చుట్టూ చేరిన పిల్లలు అరుస్తారు, "చెవి పోతోంది, చెవి పోతోంది" అని. ఆయన మళ్లీ చెవి దగ్గరికి పరిగెడతాడు. నాలుగు నిమిషాల్లో మొత్తం మాయం. దాచుకోవడానికి ఏమీ ఉండదు, కొనడానికి అసలే ఉండదు. అక్కడ ఊడ్చేవాళ్లని "ఏం ఏరుతున్నారు?" అని అడిగితే "కలల ముక్కలు" అంటారని కూడా చెప్పుకుంటారు. ఆ మాట కొంచెం ఎక్కువైందేమో అనిపిస్తుంది నాకు. కానీ అడిగింది ఐదేళ్ల పిల్ల అయితే సరిగ్గా సరిపోతుంది.

తప్పిపోయిన పిల్లల సంగతి. ఇది చిన్న విషయమే, కానీ నాకు భలే ఇష్టం. తప్పిపోయిన పిల్లాడిని "తప్పిపోయావా?" అని అడిగితే ఒప్పుకోడు. "నేనిక్కడే ఉన్నా, అమ్మే ఎటో పోయింది" అంటాడు. నిజమే కదా! అందుకే అనుభవం ఉన్నవాళ్లు "మీ అమ్మ తప్పిపోయిందా? సరే, వెతుకుదాం పద" అంటారు. వాడు వెంటనే ఏడుపు ఆపి డిటెక్టివ్ అయిపోతాడు. అమ్మ పేరేంటంటే "అమ్మ" అంటాడు, అది వేరే సంగతి. డ్రెస్ రంగు అడగండి, అది కరెక్ట్‌గా చెప్తాడు.

ఇక వేషాలు వేసుకునేవాళ్లు. అందరూ వీడియోలు తీసేది వీళ్లతోనే. తల మొత్తం కప్పేసే వేషాలు చాలావరకు మాట్లాడవు. ఏం చెప్పాలన్నా చేతులతో, ఒంటితో చెప్పాలి. లోపల ఉక్క, చూడటానికి చిన్న సందు. అందుకే కాసేపు బయట, కాసేపు విశ్రాంతి, పక్కన ఎప్పుడూ తోడుగా ఒక మనిషి. ఇప్పుడు చెవులు వినిపించని పాప వచ్చిందనుకోండి. వేషంలో ఉన్నవాళ్లకి సైన్ లాంగ్వేజ్ వస్తే, అలాంటివాళ్లు ఉన్నారు, ఒక్కసారిగా సీన్ మారిపోతుంది. ఆ లైన్లో అందరూ మిక్కీతో మూగగా చేతులు ఊపి ఫోటో దిగి వెళ్లిపోయారు. నిజంగా కబుర్లు చెప్పుకున్నది ఈ పాప ఒక్కతే. మామూలుగా ఇంట్లో, బయట, అందరూ మాట్లాడుకుంటుంటే తను చూస్తూ ఉంటుంది. ఇక్కడ తను మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు అర్థంకాక చూస్తున్నారు.

ఇంత చేసే ఆ లోపలి మనిషికి దక్కేదేంటి అని కూడా చెప్పాలి, లేకపోతే ఇది రివ్యూ కాదు, యాడ్ అవుతుంది. ఫ్లోరిడా డిస్నీలో వేషాలు వేసేవాళ్లకి వేషం కింద వేసుకునే లోదుస్తులు కూడా అందరూ మార్చి మార్చి వాడే ఉమ్మడివే ఉండేవి. యూనియన్ గట్టిగా అడిగితే 2001లో ఎవరివి వాళ్లకి ఇచ్చారు. 2001లో! కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో వేషాలూ పరేడ్లూ చేసే దాదాపు 1,700 మంది 2024 మేలో యూనియన్‌కి ఓటేశారు. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సోషియాలజిస్టు ఇలాంటి పనికి ఎమోషనల్ లేబర్ అని పేరు పెట్టింది. నవ్వడం కూడా డ్యూటీలో భాగమైతే అదీ శ్రమే అని. ఆమె చూసింది విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌లని, కానీ నా దవడలు ఆ మాటకి సాక్ష్యం చెప్తాయి. పిల్లాడిచ్చిన హగ్గు నిజం, దానివల్ల ఆ రోజు తేలిగ్గా గడిచిందన్నదీ నిజం. అద్దె మాత్రం హగ్గులతో కట్టలేం.

ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చెప్తాను. ఫ్లోరిడాలో హెన్రీ ల్యాండ్‌వర్త్ అని హోటళ్ల యజమాని ఉండేవాడు. చిన్నప్పుడు నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ మనిషి. ఒక బ్లడ్ క్యాన్సర్ పాపకి పార్కు చూడాలని కోరిక. ఆయన హోటల్లో గది ఇస్తానన్నాడు. కానీ టికెట్లు, మిగతా ఏర్పాట్లు అవడానికి వారాలు పట్టింది. పాప రాలేదు. ఆ గది అలాగే ఖాళీగా ఉండిపోయింది. ఆలస్యం వల్ల ఇంకో పిల్ల కోరిక తీరకుండానే ఇలా చనిపోకూడదని 1986లో ఆయన గివ్ కిడ్స్ ద వరల్డ్ అనే సంస్థ మొదలుపెట్టాడు. తర్వాత ఫ్లోరిడాలోనే కిసిమ్మీ అనేచోట దానికోసం ఊరు లాంటిదే కట్టారు. ప్రాణాంతకమైన జబ్బున్న పిల్లలు కుటుంబంతో వచ్చి వారం రోజులు ఉచితంగా ఉండొచ్చు. అక్కడ పొద్దున్నే టిఫిన్‌కి ఐస్‌క్రీమ్ తినొచ్చు, ఎవరూ వద్దనరు. మందులు, సూదులు, ఇది తినకు అది ముట్టుకోకు అని వినీ వినీ వచ్చిన పిల్లలకి ఆ ఐస్‌క్రీమ్ అంటే ఏంటో ఆలోచించండి. అక్కడ ప్రతి పిల్ల చేతికీ ఒక నక్షత్రం ఇస్తారు. దాని మీద పేరు రాసుకుంటే, కోటలాంటి భవనం పైకప్పుకి అతికిస్తారు. వెళ్లిపోయాక కూడా నక్షత్రం అక్కడే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత ఆ నక్షత్రం కోసం తిరిగొచ్చే తల్లిదండ్రులుంటారు. ఎక్కడుందో వెతికి చూపించేది కూడా అక్కడి వాళ్లే. దీనికి నేను మార్కులు వెయ్యను.

ఇంకో చోటు, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మోర్గన్స్ వండర్‌ల్యాండ్. గోర్డన్ హార్ట్‌మన్ అనే ఆయన కూతురు ఒకసారి ఈతకొలనులో మిగతా పిల్లలతో ఆడబోతే వాళ్లు పక్కకి వెళ్లిపోయారు. ఆ పిల్లకి మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉంది. దాంతో 2010లో ఆయన ఏకంగా పార్కే తెరిచాడు. వైకల్యం ఉన్నవాళ్లకి ప్రవేశం ఉచితం. వీల్‌చెయిర్‌తో సహా ఎక్కే ఊయల, రంగులరాట్నం ఉన్నాయి. 2017లో పక్కనే వాటర్ పార్క్ వచ్చింది. బ్యాటరీ వీల్‌చెయిర్ నీళ్లలో తడిస్తే పాడవుతుంది కదా, అందుకని గాలి ఒత్తిడితో నడిచే కుర్చీలు పెట్టారు. ఇక్కడ ఉద్యోగి ప్రత్యేకంగా మనసు చూపించాల్సిన పనే లేదు. ఊయల తలుపు తీసి "రండి" అంటే చాలు.

ఒక్క కోపం మాత్రం వెళ్లగక్కుతాను. ఈమధ్య ఇలాంటి సందర్భాల్ని కావాలని తయారుచేసి తీస్తున్నారు. పిల్లాడు ఏడుస్తుంటాడు, దగ్గరికెళ్లాల్సిన మనిషి ముందు కెమెరా ఆన్ అయిందా అని చూస్తాడు. బ్యాక్‌గ్రౌండ్‌లో వయొలిన్. వాటికి నా దగ్గర సున్నా. పదికి సున్నా కాదు, ఉత్త సున్నా.

చివరగా నా కర్ర కథ. ఒకరోజు ఆరేళ్ల పిల్లాడు వచ్చాడు. నడకలో ఏదో తేడా. అలలు తొక్కుతున్నట్టు నడుస్తున్నాడు. కర్ర పక్కన నిలబెడితే గీతకి సరిగ్గా అందాడు. నాకు అనుమానం వచ్చి బూట్లు విప్పమన్నాను. రెండు బూట్లలోంచీ టిష్యూ పేపర్ల ఉండలు పడ్డాయి. వెనక క్యూ అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. సీనియర్ లాగా మోకాళ్ల మీద కూర్చున్నాను.

"ఐడియా బాగుంది. కానీ ల్యాప్ బార్‌కి బూట్లు తెలీవు కదా."

వాడు ఆలోచించి, "అయితే ఎంత కావాలి?" అన్నాడు.

రెండు వేళ్లు చూపించాను. ఒక అట్టముక్క మీద ఆరోజు తేదీ, వాడి ఎత్తు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. "వచ్చే ఏడాది కూడా ఇదే కర్ర ఉంటుందా అక్కా?" అని అడిగాడు. ఇదే ఉంటుందన్నాను.

మరుసటి సీజన్‌లో వచ్చాడు. అట్టముక్క నలిగిపోయి, చుట్టూ టేప్ వేసి ఉంది. ఈసారి బూట్లు తనే విప్పేసి నిలబడ్డాడు. గీత దాటాడు! నేను పక్కకి జరిగి, రాజుగారికి దారిచ్చినట్టు గొలుసు తీశాను. ప్లాట్‌ఫామ్ దాకా వెళ్లాడు, రైలు వచ్చింది, ఒక కాలు లోపల పెట్టి పైకి చూశాడు. మొదటి ఎత్తు ఎంతుందో అప్పుడు కనబడింది. కాలు బయటికి తీసేశాడు.

చాలా కోస్టర్లకి మనసు మారినవాళ్ల కోసం పక్కదారి ఒకటి ఉంటుంది. మా భాషలో దాన్ని చికెన్ ఎగ్జిట్ అంటాం, పిల్లల ముందు మాత్రం అనం. అందులోంచి దిగి నా గేటు దగ్గరికే వచ్చాడు. వాళ్ల నాన్న ఏదో అనబోతుంటే నేను కళ్లతోనే వద్దన్నాను. పిల్లాడు నా వైపు చూడట్లేదు. మళ్లీ కర్రనే చూస్తున్నాడు.

కర్ర వాడి చేతికిచ్చి నిటారుగా నిలబడ్డాను. వాడు మునివేళ్ల మీద లేచి, నాలుక బయటపెట్టి, గీతా నేనూ ఎక్కడున్నామో రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత నా బూట్ల వైపు వేలు చూపించి అన్నాడు:

"ముందు అవి విప్పండి."