టారో కార్డులు: పేకాట నుంచి జోస్యం దాకా

(స్క్రీన్ మీద: బల్ల మీద బోర్లించిన మూడు కార్డులు. ఒక చెయ్యి మధ్య కార్డును తిప్పుతుంది. తెల్ల గుర్రం మీద అస్థిపంజరం.)

"కళ్లు మూసుకుని ఒక కార్డు ఎంచుకోండి, మీ మనసులో ఉన్న మనిషి మీ గురించి ఏమనుకుంటున్నారో చెప్తాం." ఇలాంటి తెలుగు వీడియోలు ఇప్పుడు యూట్యూబ్‌లో బోలెడు. చాలామంది టారోని ఈజిప్టు పూజారులు దాచిన ప్రాచీన విద్య అంటారు. అది నిజం కాదు. టారో పుట్టింది ఇటలీలో, పేకాట కోసం. అసలు కథ తెలిస్తే ఈ కార్డుల మీద గౌరవం పెరుగుతుందనే ఈ వీడియో చేస్తున్నాను.

(స్క్రీన్ మీద: మధ్యధరా సముద్రం మ్యాప్. ఈజిప్టు నుంచి ఇటలీకి గీత.)

పేకముక్కలు యూరప్‌కి 1370ల నాటికి చేరాయి. అవి మమ్లూక్ సుల్తానులు ఏలిన ఈజిప్టు వైపు నుంచి వచ్చినవి. ఈజిప్టుతో ఉన్న సంబంధం అంతవరకే, ఫారోలకూ దీనికీ ఏమీ లేదు. ఆ పేకలో గిన్నెలు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు అని నాలుగు రంగులు. ఇటలీ వాళ్లకి పోలో ఆట తెలియదు కాబట్టి అవి వట్టి కర్రలయ్యాయి.

1440 ప్రాంతంలో మిలాన్, ఫెరారా, ఫ్లోరెన్స్ నగరాల్లో ఈ పేకకి బొమ్మలతో అదనపు ముక్కలు చేర్చారు. చక్రవర్తి, పోపు, ప్రేమికులు, మృత్యువు, సూర్యుడు, చంద్రుడు... పేకాడేవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇవి తురుపు ముక్కలు. మిగతా రంగుల్లో ఎంత పెద్ద ముక్క వేసినా వీటితో కోసేయొచ్చు. మొత్తం 78 ముక్కల్లో బొమ్మ ముక్కలు 22, నాలుగు రంగులవి 56. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఈ ఆటని ఇప్పటికీ ఆడుతున్నారు.

(స్క్రీన్ మీద: విస్కొంతి స్ఫోర్జా కార్డు, దగ్గరగా. బంగారు రేకు మెరుపు, పైన చిన్న చిల్లు.)

ఇది మిలాన్ ప్రభువుల కుటుంబం కోసం చేతితో వేసిన కార్డు. నేపథ్యమంతా బంగారు రేకు అతికి, దాని మీద సన్నటి నగిషీ ఒత్తారు. పైన ఆ చిల్లు చూడండి, ఎప్పుడో ఎవరో దీన్ని గోడకి మేకుతో కొట్టి ఉంటారు. ఈ పేకలో 74 ముక్కలు మిగిలాయి. కొన్ని న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీలో, మిగతావి ఇటలీలోని బెర్గామోలో ఉన్నాయి.

మరి జోస్యం ఎక్కడ మొదలైంది? 1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబ్లాఁ అనే పండితుడు, ఈ బొమ్మల్లో ఈజిప్టు దేవుడు థోత్ గ్రంథం దాగి ఉందని రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపిని చదవగలిగినవాళ్లే లేరు. ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో. అయినా ఆ మాట నిలబడిపోయింది. కొన్నేళ్లకే ఎతేలా అనే పేరుతో జోస్యం చెప్పే ఒకాయన, భవిష్యత్తు చూడటానికే ప్రత్యేకంగా ఒక పేక తయారుచేశాడు.

(స్క్రీన్ మీద: పామెలా కోల్మన్ స్మిత్ ఫొటో.)

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈరోజు మీరు ఎక్కడ టారో కార్డు చూసినా దాదాపు ఈ చిత్రకారిణి పామెలా కోల్మన్ స్మిత్ గీతే, లేదా ఆ గీతకి అనుకరణే. ఆర్థర్ వెయిట్ అనే రచయిత అడిగితే ఈమె బొమ్మలు వేసింది. 1909 డిసెంబర్‌లో లండన్‌లో రైడర్ సంస్థ అచ్చు వేసింది. పేక మాత్రం "రైడర్ వెయిట్" అనే పేరుతో ప్రసిద్ధమైంది. బొమ్మలు వేసిన మనిషి పేరు అందులో లేదు! పెద్ద పని చేశాను, డబ్బు మాత్రం చాలా తక్కువ అని ఆమె ఒక స్నేహితుడికి ఉత్తరం రాసింది. 1951లో అప్పులతోనే చనిపోయింది. ఇది పెద్ద అన్యాయం. అందుకే నేను ఈ పేకని వెయిట్-స్మిత్ పేక అనే అంటాను.

(స్క్రీన్ మీద: ఎడమవైపు ఫ్రాన్స్‌లో వాడిన పాత టారో పేక అయిన మార్సెయ్ పేకలోని అయిదు గిన్నెల ముక్క, కుడివైపు స్మిత్ వేసినది.)

ఎడమవైపు చూడండి. అయిదు గిన్నెలు, కొంచెం లతల అలంకారం, అంతే. కుడివైపు, నల్ల దుప్పటి కప్పుకుని తల వంచుకున్న మనిషి. ముందు మూడు గిన్నెలు ఒలికిపోయి ఉన్నాయి. వెనక రెండు నిలబడే ఉన్నాయి, ఆ మనిషి వాటిని చూడటం లేదు. దూరంగా నది, వంతెన, అవతల ఇల్లు. ఆమె నాటకాల రంగంలో కూడా పనిచేసింది, ఆ అలవాటు ఇక్కడ కనిపిస్తుంది. సంఖ్య ఉన్న ప్రతి ముక్కనీ ఒక సన్నివేశం చేసేసింది. పుస్తకం బట్టీ పట్టకుండానే ఎవరైనా కార్డు చూసి మాట్లాడగలుగుతున్నారంటే అది ఆమె చలవే.

ఇక ఒరాకిల్ కార్డులు, అంటే జోస్యానికి వాడే ఇంకో రకం కార్డులు. వీటికి 78 అనే లెక్కా లేదు, రంగులూ లేవు. చేసేవాళ్ల ఇష్టం. వీటిలో పాతది లెనార్మాన్ పేక, 36 ముక్కలు. ఆ పేరు ఫ్రాన్స్‌లో జోస్యానికి పేరుమోసిన లెనార్మాన్ అనే ఆవిడది, కానీ పేకకి ఆ పేరు పెట్టింది 1843లో ఆవిడ పోయాక. దానికి మూలం, 1799 ప్రాంతంలో జర్మనీలో వచ్చిన, పాచికలు వేసి ముందుకు జరిగే ఒక ఆట. అంటే ఇదీ ఆటగానే మొదలైంది.

(స్క్రీన్ మీద: మూడు కార్డులు వరసగా.)

వాడకం విషయానికొస్తే, మూడు కార్డులు పరిచి గతం, వర్తమానం, భవిష్యత్తు అని చదవడం అందరికీ తెలిసిన పద్ధతి. కార్డుకి భవిష్యత్తు తెలియదు. మరి చెప్పింది అచ్చంగా మన గురించే అనిపిస్తుందెందుకు? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తన విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, ఫలితమంటూ అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. మీకు ఎంత సరిపోయిందో 5కి మార్కులు వేయమంటే సగటు 4 దాటింది. అంటే అందరికీ సరిపోయే మాటల్నే ఎవరికి వాళ్లు తమ గురించే అనుకున్నారు.

అయితే టారో పనికిరానిదని నేను అనను. అయిదు గిన్నెల ముక్క ముందు పెట్టుకుని "నా వెనక నిలబడి ఉన్న ఆ రెండూ ఏంటి?" అని అడిగి చూడండి, డైరీలో రాయండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు అది మంచి ప్రశ్న. "నాకు ఉద్యోగం వస్తుందా?" అని మాత్రం అడగకండి. మృత్యువు ముక్క వస్తే భయపడొద్దు, చదివేవాళ్లు కూడా దాన్ని ఒక దశ ముగియడంగానే చెప్తారు. ఎవరైనా ఆ ముక్క చూపించి, దోషం ఉంది, పరిహారానికి ఇంత అవుతుంది అంటే, డబ్బు తియ్యకుండా లేచి వచ్చేయండి.